పొట్టేలు ఈనదు కదా!

(గొర్రెల పెంపకందార్లు, పశువైద్య విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో పశు జన్యుశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. విద్యార్థులు లేచి వాళ్ళకు చోటివ్వండి. మీకు పుస్తకాలున్నాయి, ఇవాళ కాకపోతే రేపు చదువుకుంటారు. మంద ఇంకొకరికి అప్పజెప్పి వచ్చినవాళ్ళు ముందు కూర్చోవాలి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ మందలోకి విత్తనపు పొట్టేలును ఎలా ఎంచుకుంటారు? చెప్పండి, సిగ్గేముంది. ఎత్తు. సరే. నిడివి. ఇంకా? వృషణాలు రెండూ సమంగా దిగి ఉండాలి. మంచిది, అది మా డాక్టర్లు కూడా చూస్తారు. ఆ మూల కూర్చున్న పెద్దయ్య ఏమంటున్నారు? ‘దాని తల్లి ఎట్లాంటిదో అడుగుతా’ అంటున్నారు. పెద్దయ్యా, ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మీ దగ్గరికే వస్తాను.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఈ పొట్టేలుకు పుట్టే ఆడపిల్లలు రేపు జంట పిల్లల్ని ఈనుతాయా, ఒంటి పిల్లని ఈనుతాయా అని సంతలో ఎవరైనా చూసి చెప్పగలరా? చెప్పలేరు. ఎందుకు చెప్పలేరు? పొట్టేలు ఈనదు కదా!

నవ్వుతున్నారు. నాకు ఇరవై ఏళ్ళుగా జీతం వస్తున్నది ఈ ఒక్క చిక్కు వల్లే. బరువైతే తూకం వేస్తే తెలుస్తుంది. ఎత్తు టేపుతో తెలుస్తుంది. ఎన్ని పిల్లల్ని ఈనుతుంది అనే గుణం మాత్రం పొట్టేలు నెత్తురులో ఉంటుంది కానీ పొట్టేలు ఒంటి మీద కనబడదు. దాని కూతుళ్ళు పుట్టాలి, పెరగాలి, ఎదకు రావాలి, కట్టాలి, ఐదు నెలలు మోయాలి, ఈనాలి. అప్పుడు లెక్కపెట్టాలి. అంతా అయ్యేసరికి మూడేళ్ళు. అప్పటికి ఆ పొట్టేలు ఎక్కడుంటుంది? ఎవరి పెళ్ళి విందులోనో అయిపోయి ఉంటుంది.

మంద మొత్తంలో ఒక్క గొర్రె తప్పు అయితే నష్టం ఒక్క గొర్రెదే. పొట్టేలు తప్పు అయితే? పాతిక గొర్రెలకు ఒకటే పొట్టేలు. వచ్చే ఏడాది పుట్టే ప్రతి పిల్లలో సగం దానిదే. అందుకని పొట్టేలు లోపల ఏముందో ఈనకుండానే చూడగలిగే కిటికీ ఒకటి కావాలి. జన్యు గుర్తు అంటే, మార్కర్ అంటే, ఆ కిటికీ.

‘మేడమ్, జంట పిల్లల్ని ఈనిన గొర్రె పిల్లనే ఉంచుకుంటే సరిపోదా?’ అని మీరు అడగొచ్చు. కొంత పనిచేస్తుంది. పనిచేయదని నేను అనను. కానీ మీకే తెలుసు, వానలు బాగా పడి, కట్టే సమయానికి గొర్రె మంచి కండ మీద ఉంటే జంట ఈతలు పెరుగుతాయి. కరువు ఏడు అదే గొర్రె ఒంటి పిల్లని ఈనుతుంది. అంటే మీరు కంటితో చూసేదాంట్లో మేత పాలు ఎక్కువ, వంశం పాలు తక్కువ. మామూలు గొర్రెల్లో పిల్లల సంఖ్యలో కనబడే తేడాల్లో వంశం వల్ల వచ్చేది పదో వంతు, ఒక్కోచోట అంతకంటే తక్కువ. మిగతాది మేత, వయసు, వాతావరణం, అదృష్టం. ఆ పదో వంతును కంటితో పట్టుకోవడం అంటే తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాణ్ణి గొంతు విని వెతకడం లాంటిది.

అయితే ఒక చోట ఆ గొంతు చాలా గట్టిగా వినిపించింది. ఆ కథ చెబుతాను.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం. కూమా అనే ఊరి దగ్గర బూరూలా అనే గొర్రెల ఫారం. సీయర్స్ అనే అన్నదమ్ములది. వాళ్ళవి మెరినో గొర్రెలు, ఉన్ని కోసం పెంచేవి. మెరినో సాధారణంగా ఒకటి ఈనుతుంది, అప్పుడప్పుడు రెండు. ఈ అన్నదమ్ములకు ఒక పట్టుదల. కవలలుగా, ముగ్గురుగా పుట్టిన ఆడపిల్లల్ని విడిగా పెట్టి, వాటితోనే ఒక మందను నడిపారు. వాళ్ళకు జన్యుశాస్త్రం తెలుసా? లేదు. మన పెద్దయ్య అన్నారే, ‘దాని తల్లి ఎట్లాంటిదో అడుగుతా’ అని. వాళ్ళు చేసింది అంతే. అడిగారు, గుర్తుపెట్టుకున్నారు.

ఆ మందలో గొర్రెలు మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు పిల్లల్ని ఈనడం మొదలుపెట్టాయి. 1958లో, ఒకే ఈతలో ఐదుగురిలో ఒకడిగా పుట్టిన పొట్టేలును వాళ్ళు అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకి ఇచ్చారు. అప్పుడు అక్కడ గొర్రెల జన్యుశాస్త్రం చూస్తున్నది హెలెన్ న్యూటన్ టర్నర్ అనే ఆవిడ. లెక్కల మనిషి. ఆడపిల్లలు వినండి, ఆవిడ పేరు మీ సిలబస్‌లో ఉండకపోవచ్చు, వెతికి చదవండి. ఆవిడ తరవాత పైపర్, బిండన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఈ గొర్రెల ఈతల లెక్కలు చూసి, 1982లో ఒక విచిత్రమైన మాట అన్నారు. ఇది వందల జన్యువులు కలిసి చేస్తున్న పని కాదు, ఒకే ఒక్క జన్యువు పని అని.

ఎలా కనిపెట్టారు? ప్రతి గొర్రె పొట్టలో చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టంతో లోపలికి చూసి, అండాశయం మీద ఎన్ని అండాలు విడుదలయ్యాయో లెక్కపెట్టారు. దాన్నే లాపరోస్కోపీ అంటాం. ఒకటి రెండు ఉంటే మామూలు గొర్రె. మూడు నాలుగు ఉంటే ఆ జన్యువు ఒక ప్రతి, అంటే ఒక కాపీ, ఉన్నట్టు. ఐదు, ఆ పైన ఉంటే రెండు ప్రతులూ ఉన్నట్టు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. లెక్క మెట్లు మెట్లుగా వచ్చింది. వందల జన్యువుల పనైతే వాలుగా వచ్చేది, మెట్లు ఉండేవి కావు. ఈ మెట్లే వాళ్ళకు దొరికిన ఆధారం. ఆ జన్యువుకు ఫెక్-బీ అని పేరు పెట్టారు.

సరే, ఒకటే జన్యువు అని తెలిసింది. అది ఎక్కడుంది? ఇక్కడే చాలామంది అనుకుంటారు, మైక్రోస్కోప్ కింద పెడితే కనబడుతుందని. కనబడదు. గొర్రెకు 27 జతల క్రోమోజోములు. వాటిలోని డీఎన్‌ఏలో సుమారు మూడు వందల కోట్ల అక్షరాలు. అందులో ఒక అక్షరం మారి ఉంటుంది. ఎలా వెతుకుతారు?

మీరు మందలో పిల్ల తప్పిపోతే ఎలా వెతుకుతారు? ముందు ఏ ఊరి వైపు పోయిందో కనుక్కుంటారు. తరవాత ఏ చేను. తరవాత ఏ పొద. వీళ్ళూ అంతే. క్రోమోజోముల మీద అక్కడక్కడ మైలురాళ్ళ లాంటి గుర్తులుంటాయి. ఒక కుటుంబంలో తాత, కొడుకు, మనవరాళ్ళ నెత్తురు తీసి, ఎక్కువ పిల్లల్ని ఈనిన ప్రతి గొర్రెలోనూ ఏ మైలురాయి వెంట వస్తోంది అని చూస్తారు. ఎప్పుడూ కలిసే వస్తోంది అంటే మనకు కావలసిన జన్యువు ఆ రాయికి దగ్గర్లో ఉన్నట్టు. 1993, 94 నాటికి న్యూజిలాండ్ వాళ్ళు ఊరు కనిపెట్టారు, గొర్రె ఆరో క్రోమోజోము. ఆ ముక్క మనిషి నాలుగో క్రోమోజోములో ఒక ముక్కకు సరిపోతుంది. మనిషి జన్యువుల పటం అప్పటికి ముందంజలో ఉంది కాబట్టి దాన్ని చూసుకుంటూ గొర్రెలో నడిచారు. చేను దొరికింది. 2001లో పొద దొరికింది. ఫ్రాన్స్, న్యూజిలాండ్, స్కాట్లాండ్, మూడు చోట్ల మూడు బృందాలు, ఒకే ఏడాది, ఒకే పొద. బీఎంపీఆర్-1బీ అనే జన్యువు. అందులో 746వ అక్షరం ‘ఏ’ ఉండాల్సిన చోట ‘జీ’ ఉంది. అంతే తేడా.

1982 నుంచి 2001 దాకా. పంతొమ్మిదేళ్ళు, ఒక్క అక్షరం కోసం. ఇప్పటి విద్యార్థులు ఆరు నెలల ప్రాజెక్టులో మార్కర్ కనిపెట్టేస్తామని నా దగ్గరికి వస్తారు. రండి, కాదనను.

ఆ అక్షరం చేసే పనేమిటి? సులువుగా చెబుతాను. గొర్రె అండాశయంలో ప్రతి ఎద సమయంలో చాలా అండపు తిత్తులు పెరగడం మొదలుపెడతాయి. మామూలుగా అందులో ఒకటి పెద్దదై, మిగతావి వెనక్కి పోతాయి. ఆ తిత్తుల కణాల మీద ఒక తలుపు ఉంది, ‘ఇంకా ఆగు, ఇంకా పెరుగు’ అనే కబురు ఆ తలుపు గుండా లోపలికి వెళ్తుంది. అక్షరం మారిన గొర్రెలో ఆ తలుపు సరిగా తెరుచుకోదు. కబురు సగమే అందుతుంది. దాంతో తిత్తులు చిన్నగా ఉండగానే ముదిరిపోతాయి. చిన్నవి కాబట్టి ఒకదానికి బదులు మూడు, నాలుగు కలిసి విడుదలవుతాయి. అంటే ఇది కొత్త శక్తి కాదు, ఒక అడ్డు సడలడం. విద్యార్థులు ఇది రాసుకోండి, పరీక్షలో అందరూ తిరగేసి రాస్తారు.

ఇప్పుడు అసలు తమాషా. ఈ అక్షరం మెరినోలో ఎక్కడి నుంచి వచ్చింది? మెరినో స్పెయిన్ గొర్రె. స్పెయిన్‌లో ఇది లేదు. పాత రికార్డులు తిరగేస్తే ఏం తేలింది? 1790ల్లో సిడ్నీలో కొత్తగా వలస పెట్టినప్పుడు తిండి కోసం కలకత్తా నుంచి ఓడల్లో బెంగాల్ గొర్రెలు తెప్పించుకున్నారు. చిన్నవి, కానీ ఎక్కువ పిల్లల్ని ఈనేవి. బెంగాల్‌లో, సుందర్బన్స్‌లో, ఇప్పటికీ గారోల్ అనే గొర్రె ఉంది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గడ్డి మేస్తుంది. పెద్ద గొర్రె బరువు ఎంతో తెలుసా? పన్నెండు, పద్నాలుగు కిలోలు. మన నెల్లూరు పొట్టేలు పక్కన నిలబెడితే దాని పిల్ల అనుకుంటారు. 2002లో పదమూడు దేశాల గొర్రెల నెత్తురు పరీక్షిస్తే గారోల్‌లో అదే అక్షరం, అదే చోట. చూశారా, మనం పట్టించుకోని బెంగాల్ గొర్రె సముద్రం దాటిపోయి, రెండొందల ఏళ్ళకు ఇంగ్లీషు పత్రికల్లో గొప్పదై తిరిగొచ్చింది. తరవాత ఒడిశా కేంద్రపాడా గొర్రెలోనూ అది కనబడింది.

పరీక్ష ఎలా చేస్తామో చెబుతాను. కరోనా పుణ్యమా అని పీసీఆర్ అంటే ఏమిటో ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కరలేదు. గొర్రె మెడ దగ్గర కాస్త రక్తం తీస్తాం. అందులోంచి ఆ అక్షరం ఉన్న చిన్న ముక్కను, 190 అక్షరాల ముక్కను, కోట్ల ప్రతులు చేస్తాం. తరవాత ఒక కత్తెర లాంటి ఎంజైమ్ వేస్తాం. అక్షరం ‘జీ’ అయితే కత్తెర కోస్తుంది, ముక్క 160కి తగ్గుతుంది. ‘ఏ’ అయితే కోయదు. జెల్ అనే మెత్తటి పలక మీద పరిగెత్తిస్తే గీతలు కనబడతాయి. పైన ఒక్క గీత, మామూలు గొర్రె. కింద ఒక్క గీత, రెండు ప్రతులూ ఉన్నాయి. రెండు గీతలూ ఉంటే, ఒక ప్రతి ఉంది. పొట్టేలైనా, ఆడదైనా, పుట్టిన రోజు పిల్లయినా అదే పరీక్ష. ఈనేదాకా ఆగక్కరలేదు.

ఇది చాలా సులువుగా ఉంది కదా? సులువే. తప్పు ఎక్కడ జరుగుతుందో నా అనుభవం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందలో నలభై గొర్రెల రక్తం తీశాను. గొట్టాల మీద నంబర్లు స్కెచ్ పెన్నుతో రాశాను. ఐస్ పెట్టెలో పెట్టాను. ఐస్ కరిగింది, నంబర్లు కరిగాయి. నలభై గొట్టాలు, ఒక్కదాని మీదా పేరు లేదు. ల్యాబ్ పరీక్ష నూటికి నూరు పాళ్ళు సరిగ్గా వచ్చింది, ఏ గొర్రెదో మాత్రం తెలియదు! ఆ మంద యజమాని నన్ను చూసి, ‘అమ్మా, నా గొర్రెలన్నిటినీ ముఖం చూసి గుర్తుపడతాను, నువ్వు నీళ్ళ మీద రాసుకున్నావు’ అన్నాడు. ఆ రోజు నుంచి పెన్సిల్ తప్ప వాడలేదు.

ఈ గుర్తుతో ఎవరైనా ఏమైనా సాధించారా? దూరం పోనక్కరలేదు. మహారాష్ట్ర సతారా జిల్లాలో ఫల్టన్ అనే ఊరు. అక్కడ నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళ చుట్టుపక్కల ఉండేది దక్కనీ గొర్రె. మన మహబూబ్‌నగర్ వైపు గొంగడి నేసే ఉన్ని ఇచ్చేదీ దక్కనీయే, కాబట్టి ఈ కథ మనకు చుట్టమే. దక్కనీ ఒంటి పిల్లని ఈనుతుంది. వాళ్ళు 1990ల్లో బెంగాల్ నుంచి గారోల్ గొర్రెల్ని తెచ్చి దక్కనీతో కలిపారు. ఏమైంది? పిల్లలు ఎక్కువ పుట్టాయి కానీ చిన్నవి. పన్నెండు కిలోల జాతితో కలిపితే మరేమవుతుంది? కాపరికి ఎక్కువ పిల్లలూ కావాలి, బరువూ కావాలి.

ఇక్కడ గుర్తు పనికొచ్చింది. చల్ల చిలికి వెన్న ఒక్కటి తీసుకున్నట్టు, గారోల్‌లోంచి ఆ అక్షరం ఒక్కటి తీసుకోవాలి, మిగతా గారోల్ అంతా వదిలేయాలి. అంటే సంకర పిల్లల్ని మళ్ళీ దక్కనీకి, వాటి పిల్లల్ని మళ్ళీ పెద్ద జాతికి కట్టాలి. ప్రతి తరంలో గారోల్ వాటా సగమవుతుంది, సగం, పావు, అరపావు. కానీ ప్రతి తరంలో సగం పిల్లలకే ఆ అక్షరం దిగుతుంది. ఏ సగానికి? చూస్తే తెలియదు. అక్షరం లేని పొట్టేలును పొరపాటున ఉంచుకుంటే అన్నేళ్ళ పనీ నీళ్ళపాలు. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల సాయంతో పరీక్ష అందుబాటులోకి వచ్చాక, ఆ పొరపాటు పోయింది. అలా తయారైన గొర్రె రకమే నారి సువర్ణ. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ వాళ్ళు గారోల్, మాల్పురా, పాటన్‌వాడీ అనే మూడు జాతుల్ని కలిపి అవిశాన్ అనే రకాన్ని ఇదే దారిలో చేశారు.

ఇప్పుడు ఎవరో అడగబోతున్నారు... ఆఁ, అడగండి. ‘మా గొర్రెకు రెండు రొమ్ములే కదమ్మా, మూడు పిల్లలు పుడితే ఎవరి పాలు తాగాలి?’

ఈ ప్రశ్న కోసమే పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఆ అక్షరం అండాలు పెంచుతుంది, పాలు పెంచదు. మూడో రొమ్ము ఇవ్వదు. బూరూలాలో రెండు ప్రతులున్న గొర్రెలు నాలుగు, ఐదు ఈని, సగం పిల్లల్ని పోగొట్టుకునేవి. పుట్టినప్పుడు చిన్నవి, చలికి ఆగవు, మొదటి గంటల్లో ముర్రుపాలు అందకపోతే బతకవు. అందుకని నా సలహా ఏమిటంటే, అమ్ముకునే పిల్లల్ని ఈనే గొర్రెలో ఒక ప్రతి చాలు. రెండు ప్రతులు పొట్టేలులో ఉండనివ్వండి, అది ఈనదు కదా! రెండు ప్రతుల పొట్టేలును ప్రతి లేని గొర్రెలకు కడితే పుట్టేవాటన్నిటిలోనూ సరిగ్గా ఒక్కటే ఉంటుంది. అలాంటి గొర్రెలు ఈనేది ఎక్కువగా ఒకటి, రెండు పిల్లల్ని, ఎప్పుడో మూడు. రెండు ప్రతుల పొట్టేలును ఒక ప్రతి ఉన్న గొర్రెలకు మాత్రం కట్టకండి, సగం పిల్లలకు రెండేసి ప్రతులు వస్తాయి.

ఇంకో మాట, ఇది కొందరికి నచ్చదు. ఎండాకాలం రాగానే మంద తోలుకుని రెండు మూడు జిల్లాలు వలసపోయేవాళ్ళకు నేను ఈ పొట్టేలు ఇవ్వమని చెప్పను. దారిలో ఈనితే ఒక పిల్లని భుజాన వేసుకుంటారు, రెండోదాన్ని ఎవరు మోస్తారు? ఇంటి దగ్గర దొడ్డి, చూలు చివరి నెలలో గుప్పెడు దాణా, ఈనే గొర్రెను రాత్రి లేచి చూసే ఆడమనిషి, ఈ మూడూ ఉన్న ఇంటికే ఇది లాభం. ఆ ఆడమనిషి కష్టం ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ రాదు, అందుకే చెబుతున్నాను.

మరి ఇలాంటి అక్షరాలు ఇంకేమైనా ఉన్నాయా? ఉన్నాయి. న్యూజిలాండ్‌లో రామ్నీ జాతి గొర్రె ఒకటి పదకొండు ఈతల్లో 33 పిల్లల్ని ఈనింది. దాని సంతతిలో ఇన్వర్‌డేల్ అనే జన్యువు దొరికింది. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. అంటే పొట్టేలు నుంచి కూతుళ్ళందరికీ వెళ్తుంది, కొడుకులకు ఒక్కరికీ వెళ్ళదు. ఒక ప్రతి ఉంటే పిల్లలు ఎక్కువ. రెండు ప్రతులుంటే? అండాశయమే ఎదగదు, గొడ్డుమోతు. అదే గుణం, అటు ఒక అడుగు వేస్తే వరం, ఇంకో అడుగు వేస్తే శాపం. గుర్తు పరీక్ష లేకుండా ఇలాంటి జన్యువును మందలోకి తేవడం కళ్ళు మూసుకుని బావి గట్టు మీద నడవడమే.

కానీ మన నెల్లూరు, మాచర్ల, దక్కనీ మందల్లో అప్పుడప్పుడు పుట్టే కవలలకు కారణం ఇలాంటి పెద్ద జన్యువే అయి ఉండాలని లేదు. చిన్న చిన్న ప్రభావాలున్న వందల జన్యువులు కలిసి చేసే పని కావచ్చు. దానికి 2009 నుంచి ఒక చిప్ ఉంది, ఒకేసారి యాభై వేల గుర్తులు చదువుతుంది. యంత్రానికి కొదవ లేదు, మరి కొదవ దేనికి? ఏ గొర్రె ఎన్ని ఈనింది అనే కాగితానికి. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు కోటీ 90 లక్షల గొర్రెలు, దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల దాకా, రెండో స్థానం. ఇన్ని గొర్రెల్లో చెవి పోగు ఉండి, తల్లి ఎవరో, తండ్రి ఎవరో, ఏ ఈతలో ఎన్నో రాసి ఉన్నవి ఎన్ని? మీరే చెప్పండి. యాభై వేల గుర్తులు ఒక పక్క పెట్టి, రెండో పక్క ఖాళీ కాగితం పెడితే కంప్యూటర్ ఏం చెబుతుంది?

పెద్దయ్యా, మీ దగ్గరికి వస్తానన్నాను కదా. మీ మందలో జంట ఈనే గొర్రె ఉందా? ఉందా! ఎన్ని ఈతలు? ఆరు ఈతల్లో నాలుగుసార్లు జంట! దాని తల్లి? అదీ అంతేనా? మేత బాగా లేని ఏడు కూడానా? విద్యార్థులు, విన్నారా? సీయర్స్ అన్నదమ్ములు ఇక్కడే కూర్చున్నారు. పెద్దయ్యా, ఆ గొర్రె కూతుళ్ళు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? మూడు. ఒక పొట్టేలు పిల్ల కూడా. దాన్ని ఈ పండక్కి కోయకండి, మీ కాళ్ళకు దండం పెడతాను. వచ్చే మంగళవారం మేమే మీ ఊరు వస్తాం, నెత్తురు తీసుకుంటాం. పెన్సిల్ తెస్తాను.

ఇక మాట్లాడింది చాలు. బయట చెట్టు కింద నాలుగు గొర్రెలు కట్టి ఉన్నాయి. చెవి పోగు ఎక్కడ గుచ్చాలో, నరం ఎక్కడ తగలకూడదో చేసి చూపిస్తాం. ముందు ఆడవాళ్ళు రండి, రాత్రి లేచేది మీరే కదా.